ఒకే మనుషుల్ని ఏళ్ళ తరబడి అడిగిన సర్వేలు: శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులు ఏది ఎంచుకోవాలి?

సామాజిక శాస్త్రాల్లో ఎం.ఏ. ప్రాజెక్టో పీహెచ్‌డీయో చేసేవాళ్ళు మన జిల్లాల్లో ఎక్కువమంది ఒకే దారి పడతారు. నూటయాభై, రెండొందల ఇళ్ళకు ప్రశ్నావళి పట్టుకెళ్తారు, ఒక్కసారి అడుగుతారు, శాతాలు వేస్తారు, అధ్యాయం అయిపోతుంది. ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందో తెలుసుకోవడానికి అది సరిపోతుంది. ఎనిమిదేళ్ళప్పుడు బడికెళ్ళిన పిల్ల పదిహేనేళ్ళకు ఎందుకు మానేసింది, తుఫాను ఏడాది అప్పు చేసిన ఇల్లు ఆ తర్వాత తేరుకుందా, అన్నవి తెలియాలంటే మాత్రం అదే పిల్లను, అదే ఇంటిని కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ అడిగి ఉండాలి. ఒక విద్యార్థి సొంత ఖర్చుతో, స్కాలర్‌షిప్ గడువులో చెయ్యగలిగే పని కాదది. చెయ్యక్కర్లేదు కూడా. ఇరవై ఏళ్ళకు పైగా అలా అడిగిపెట్టిన డేటా సిద్ధంగా ఉంది, చాలామటుకు ఉచితం. వాటిలో ఒక సర్వే శ్రీకాకుళం జిల్లాలో కూడా జరిగింది.

మా సలహా ముందే చెప్పేస్తాం. ఈ విద్య నేర్చుకోవడానికీ మొదటి థీసిస్‌కీ, ఒకే పిల్లల్ని 2002 నుంచి అడుగుతూ వచ్చిన యంగ్ లైవ్స్ అధ్యయనం తీసుకోండి. కులం, ఆదాయం, భూమి, ఇంటి స్థితి మీద ప్రశ్న అయితే ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వే, అంటే ఐహెచ్‌డీఎస్. పని, నిరుద్యోగం గురించైతే కేంద్ర ప్రభుత్వ పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే, అంటే పీఎల్‌ఎఫ్‌ఎస్, అదీ ఏ సంవత్సరం డేటా అన్నది చూసుకుని. ప్రైవేటు గణాంక సంస్థ సీఎంఐఈ వాళ్ళ కన్స్యూమర్ పిరమిడ్స్ సర్వే జోలికి, చందా కట్టే సంస్థ మీ వెనక ఉంటేనే వెళ్ళండి. జిల్లా మొత్తానికి ఒక అంకె కావాలంటే ఇవేవీ కాదు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దగ్గరికి వెళ్ళాలి. ఎందుకో వివరంగా చూద్దాం.

సర్వే ఎవరి వెంట వెళ్ళింది?

ఎంపికలో మొదట అడగాల్సింది ఇదే. శాంపిల్ ఎంత పెద్దది, ఎన్ని విడతలు జరిగాయి అన్నవి ఆ తర్వాత.

యంగ్ లైవ్స్ పిల్లల వెంట వెళ్తుంది. పిల్ల పెళ్ళై అత్తారి ఊరు వెళ్ళినా, హాస్టల్లో చేరినా, అమ్మానాన్నలతో విశాఖకో హైదరాబాదుకో పోయినా ఆ పిల్లనే వెతికి పట్టుకుని అడుగుతారు. దానివల్ల మనిషి జారిపోదు గానీ చుట్టూ ఉన్న ఇల్లు మారిపోతుంది. ఒక అమ్మాయికి 2009లో నమోదైన సంపద సూచీ (ఇల్లు, సామాన్లు, సౌకర్యాలను బట్టి కట్టే అంకె) పుట్టింటిది, 2016లో నమోదైనది అత్తింటిది కావచ్చు. సూచీ పెరిగింది కదా అని ‘కుటుంబ పరిస్థితి మెరుగుపడింది’ అని రాస్తే తప్పు. పెళ్ళైనవాళ్ళను గుర్తించి విడిగా చూడాలి.

ఐహెచ్‌డీఎస్ ఇంటి వెంట వెళ్తుంది. ఢిల్లీలోని పరిశోధన సంస్థ ఎన్‌సీఏఈఆర్, అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం కలిసి 2004-05లో దేశమంతటా 41,554 ఇళ్ళను అడిగాయి. 2011-12లో వాటిలో 83 శాతం ఇళ్ళను మళ్ళీ కలిశాయి. అన్నదమ్ములు వేరుపడి అదే ఊళ్ళో రెండు పొయ్యిలు పెట్టుకుంటే రెండిళ్ళనూ అడిగారు. ఇల్లు మొత్తం ఊరు విడిచిపోతే వదిలేశారు. మన జిల్లాలకు ఇది చిన్న విషయం కాదు. భవన నిర్మాణం పనులకు హైదరాబాదు, చెన్నై పోయినవాళ్ళు, వేటకు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్ళే మత్స్యకారులు మన దగ్గర చాలామంది ఉన్నారు. మగవాళ్ళు వెళ్ళి ఇల్లు ఊళ్ళో ఉంటే ఆ ఇల్లు సర్వేలో ఉంటుంది. తాళం వేసి అందరూ వెళ్ళిపోతే రెండో విడతలో కనిపించదు. అంటే వలస వల్ల ఎక్కువగా మారిన కుటుంబాలే డేటాలోంచి ఎక్కువగా జారిపోతాయి. వలస మీద పనిచేసేవాళ్ళు ఐహెచ్‌డీఎస్ ఎంచుకుంటే ఈ సంగతి థీసిస్‌లో మొదటే చెప్పి తీరాలి.

పీఎల్‌ఎఫ్‌ఎస్ కూడా ఇంటి వెంటే వెళ్తుంది గానీ ఏళ్ళ తరబడి కాదు. 2017 ఏప్రిల్‌లో మొదలైన ఈ సర్వేలో పట్నంలో ఎంపికైన ఇంటికి మూడు నెలలకోసారి చొప్పున మొత్తం నాలుగుసార్లు వెళ్ళారు. పల్లెలో ఎంపికైన ఇంటికి ఒక్కసారే వెళ్ళారు. 2025 జనవరి నుంచి పద్ధతి మార్చి, పల్లెల్లోనూ పట్నాల్లోనూ నెలకోసారి వరసగా నాలుగు నెలలు వెళ్తున్నారు. ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో కూర్చుని పల్లె కూలీల పనిలో వచ్చే మార్పును 2018 డేటాతో కొలుద్దామనుకుంటే అక్కడ కొలవడానికి రెండోసారి అడిగినదే లేదు. ఇది తెలియక సినాప్సిస్ రాసి, డేటా తెరిచాక విషయం మార్చుకోవాల్సి వస్తుంది.

యంగ్ లైవ్స్‌తో ఎందుకు మొదలుపెట్టాలి

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ఈ అధ్యయనం 2002లో నాలుగు దేశాల్లో మొదలైంది: ఇథియోపియా, పెరూ, వియత్నాం, ఇండియా. ఇండియా అంటే ఇక్కడ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాత్రమే. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాలతో పాటు హైదరాబాదులో కలిపి 20 చోట్లను ఎంచుకున్నారు. ఒక్కోచోట ఏడాది అటూఇటూ వయసున్న పిల్లలు నూరుమంది, ఎనిమిదేళ్ళ పిల్లలు యాభైమంది. మొత్తం మీద 2001-02లో పుట్టిన చిన్న బృందం 2,011 మంది, 1994-95లో పుట్టిన పెద్ద బృందం 1,008 మంది. 2002, 2006, 2009, 2013, 2016 విడతల తర్వాత కోవిడ్ కాలంలో 2020-21లో ఫోన్ల మీద అడిగారు. 2023-24లో మళ్ళీ ముఖాముఖి విడత జరిగింది.

రెండు బృందాలకు మధ్య ఏడేళ్ళ తేడా పెట్టడమే ఈ సర్వే ప్రాణం. పెద్దవాళ్ళు 2009లో పదిహేనేళ్ళకు దగ్గరపడ్డారు, చిన్నవాళ్ళు 2016లో అదే వయసుకు వచ్చారు. కాబట్టి మూడో విడతలోని పెద్ద బృందాన్ని, ఐదో విడతలోని చిన్న బృందాన్ని పక్కపక్కన పెడితే, ఒకే వయసు పిల్లలకు ఏడేళ్ళలో ఏం మారిందో తెలుస్తుంది. అలాగే ఒకే బృందాన్ని విడత విడతకూ చూస్తే పిల్ల ఎదుగుతుంటే ఏం మారిందో తెలుస్తుంది. కొత్తవాళ్ళు ఈ రెండింటినీ కలిపేస్తారు. ‘2009తో పోలిస్తే 2016లో బడికెళ్ళేవాళ్ళు తగ్గారు’ అని ఒకే బృందం మీద రాస్తే అది కాలం తెచ్చిన మార్పు కాదు, పిల్లలకు ఏడేళ్ళు వయసు పెరగడం.

డేటా దించుకోవడం ఇలా. యూకే డేటా సర్వీస్ వెబ్‌సైటులో ఖాతా తెరవాలి. బ్రిటన్ బయటివాళ్ళు ముందు యూజర్‌నేమ్ కోసం అర్జీ పెట్టుకోవాలి, కొన్ని రోజులు పట్టొచ్చు. విశ్వవిద్యాలయం ఇచ్చిన ఈమెయిల్ ఉంటే అదే వాడండి. ప్రాజెక్టు గురించి నాలుగు వాక్యాలు రాసి, షరతులు ఒప్పుకుంటే ఫైళ్ళు తెరుచుకుంటాయి. విడతవారీ ఫైళ్ళు డజన్లకొద్దీ కనిపిస్తాయి, వాటి జోలికి మొదట పోవద్దు. 7483 నంబరుతో ఉన్న కన్‌స్ట్రక్టెడ్ ఫైల్ తీసుకోండి. ఐదు విడతల్లోనూ అడిగిన ముఖ్యమైన సంగతులను సర్వే బృందమే ఒకే తీరుకు తెచ్చి, ఒక్కో పిల్లకు ఒక్కో విడతకు ఒక వరుస చొప్పున పేర్చిన ఫైల్ అది.

తెరవగానే చేయాల్సిన మొదటి పని లెక్క సరిచూడడం. 3,019 మంది, ఐదు విడతలు, మొత్తం 15,095 వరుసలు రావాలి. ఏదో విడతలో దొరకని పిల్లకూ వరుస ఉంటుంది, ఆ విడతలో ఉన్నారా లేరా అని చెప్పే గడి (వేరియబుల్) వేరే ఉంటుంది. ఆ గడి చూడకుండా సగటు వేస్తే ఎవరెవరు లేరో మీకు తెలియకుండా పోతుంది. రెండో పని: పిల్ల గుర్తింపు నంబరు, విడత నంబరు కలిపి చూస్తే ఏ వరుసా రెండుసార్లు రాకూడదు. ఈ రెండూ సరిపోయాకే టేబుళ్ళు.

గణాంకాల సాఫ్ట్‌వేర్ స్టాటా కొనలేనివాళ్ళు దిగులుపడక్కర్లేదు. అలాంటిదే ఆర్ (R) ఉచితం, అందులో హేవెన్ ప్యాకేజీ స్టాటా ఫైళ్ళను నేరుగా తెరుస్తుంది. ఈ ఫైలుకు పాత ల్యాప్‌టాప్‌లో ఉండే నాలుగు జీబీ ర్యామ్ కూడా చాలు. ఎక్సెల్‌లో మాత్రం చేయకండి. వేరే ఫైలులోని గడులను పిల్ల నంబరు ఆధారంగా కలిపేటప్పుడు ఎక్కడ తప్పు జరిగిందో తర్వాత వెతకడానికి ఆనవాలు మిగలదు. ఆర్‌లో అయితే చేసిన ప్రతి అడుగూ స్క్రిప్టులో ఉంటుంది, గైడు అడిగినప్పుడు చూపించవచ్చు.

ఇందులో తప్పులు ఎక్కడ వస్తాయి

విడతవారీ అసలు ఫైళ్ళలో ‘తెలియదు’, ‘వర్తించదు’, ‘జవాబు లేదు’ అన్నవాటికి 77, 88, 99 లాంటి కోడ్లు వేస్తారు, కొన్నిచోట్ల ముందు మైనస్ గుర్తు ఉంటుంది. వాటిని ఖాళీలుగా మార్చకుండా పనిగంటలకో కూలికో సగటు కడితే అంకె ఒక్కసారిగా ఉబ్బిపోతుంది. ప్రతి గడికీ ముందు కనిష్ఠం, గరిష్ఠం చూడండి. వారానికి 99 గంటలు పనిచేసిన పిల్లలు వరసగా కనిపిస్తే అది పిల్లల కష్టం కాదు, కోడు.

ఖర్చు వివరాలు మొదటి విడతలో అడగలేదు, రెండో విడత నుంచే ఉన్నాయి. 2002 నుంచి పేదరికం ఎలా మారిందో ఖర్చుతో కొలుస్తాననుకుంటే కుదరదు, సంపద సూచీతో చేసుకోవాలి. ఖర్చును విడతల మధ్య పోల్చేటప్పుడు ధరల పెరుగుదల తీసేసిన గడినే వాడాలి.

పదజాల పరీక్ష మార్కులను ఒక విడత నుంచి ఇంకో విడతకు నేరుగా పోల్చకూడదు. ప్రశ్నలు, కష్టం, వయసు అన్నీ మారాయి. ఒకే వయసు పిల్లల్లో ఎవరు ఎక్కడున్నారో చూడడానికే ఆ మార్కులు పనికొస్తాయి. పరీక్ష ఏ భాషలో జరిగిందన్నదీ చూసుకోవాలి. తెలుగులో వచ్చిన మార్కులనూ వేరే భాషలో వచ్చిన మార్కులనూ ఒకే మెట్టు మీద నిలబెట్టడం సరికాదు. ఇంట్లో ఒడియాయో సవరయో మాట్లాడే పిల్లల మధ్య పెరిగిన పాఠకులకు ఇది ఎవరూ వివరించనక్కర్లేదు.

అన్నిటికన్నా మన విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు ఇంకోటుంది. శ్రీకాకుళం శాంపిల్‌లో ఉంది కదా అని థీసిస్ పేరులో ‘శ్రీకాకుళం జిల్లాలో’ అని పెట్టేస్తారు. ఈ సర్వేలో పేద ప్రాంతాలను కావాలనే ఎక్కువగా తీసుకున్నారు. జిల్లాకు ప్రాతినిధ్యం వహించాలన్న ఉద్దేశమే దానికి లేదు. పైగా పిల్లల గోప్యత కోసం ఊళ్ళ పేర్లు తీసేసి కోడ్లు పెట్టారు. మీరు చెప్పగలిగేది ‘కోస్తా ఆంధ్ర ప్రాంతపు శాంపిల్‌లో’ అని, అంతవరకే. అలా చెప్పినా శాంపిల్ మూడో వంతుకు పడిపోతుంది, మండలాల సంఖ్య ఇంకా తగ్గుతుంది. ఒకే మండలం పిల్లలు ఒకరికొకరు పోలి ఉంటారు కాబట్టి స్టాండర్డ్ ఎర్రర్లను (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలతలను) ప్రాంతాలవారీగా క్లస్టర్ చేయాలి, అంటే ఒక్కో ప్రాంతం పిల్లల్ని ఒక్కో గుంపుగా చూసి లెక్కకట్టాలి. 20 క్లస్టర్లకే ఆ పద్ధతి కొంత తడబడుతుంది, ఏడెనిమిదికి తగ్గితే దాని మీద నమ్మకం పెట్టుకోలేం. అందుకే మా సలహా: మొత్తం శాంపిల్‌తో లెక్క కట్టి, కోస్తాకు తేడా ఉందేమో ఒక గడితో చూడండి. చిన్న ముక్క కోసుకుని దాని మీదే థీసిస్ నిలబెట్టకండి.

తుఫానుల మీద ఒక మాట. హుద్‌హుద్ 2014 అక్టోబరులో వచ్చింది, నాలుగో విడతకూ ఐదో విడతకూ మధ్యలో. ప్రతి విడతలోనూ ‘కిందటిసారి తర్వాత ఏం నష్టం జరిగింది’ అని అడిగారు కాబట్టి, ఇల్లు దెబ్బతిందని, పంట పోయిందని చెప్పినవాళ్ళను ముందూవెనకా చూడొచ్చు. తిత్లీ 2018 అక్టోబరులో వచ్చింది. దాని తర్వాత జరిగిన మొదటి పలకరింపు 2020లో ఫోన్ మీద, కోవిడ్ మధ్యలో. రెండు దెబ్బలూ కలిసిపోయాయి, విడదీయడం దాదాపు కుదరదు. ఊరి పేరు లేదు కాబట్టి గాలివాన దారి పటం మీద ఊళ్ళను గుర్తించి పోల్చే పని కూడా లేదు. పలాస జీడితోటల మీద తిత్లీ ప్రభావం మీ విషయమైతే ఈ డేటా వదిలేసి సొంత సర్వేకే వెళ్ళండి.

ఐహెచ్‌డీఎస్ ఎప్పుడు మేలు

కులం, పెళ్ళి, ఆదాయం వచ్చే దారులు, అప్పులు, భూమి, స్త్రీలు ఇంట్లో ఏ నిర్ణయం తీసుకోగలరు, ఇలాంటివి ఒకే ఇంట్లో అన్నీ అడిగిన సర్వే మన దేశంలో ఇంకోటి దొరకడం కష్టం. మిచిగాన్ విశ్వవిద్యాలయంలోని ఐసీపీఎస్‌ఆర్ అనే డేటా భాండాగారం వెబ్‌సైటులో మొదటి విడత 22626, రెండో విడత 36151 నంబర్లతో ఉచితంగా దొరుకుతుంది. మూడో విడత క్షేత్రపని 2022-24లో జరిగింది.

కష్టం రెండు విడతలను కలపడంలో ఉంది. రాష్ట్రం, జిల్లా, శాంపిల్ ఊరు, ఇల్లు, వేరుపడిన ఇల్లు, ఈ ఐదు గడుల కోడ్లూ కలిస్తేనే ఒక ఇల్లు. చివరిది మరిచిపోతే వేరుపడిన అన్నదమ్ముల ఇళ్ళు రెండూ ఒకే పాత ఇంటికి అతుక్కుని, వరుసలు పెరిగిపోతాయి. మనిషి స్థాయిలో కలిపితే ఇంకా జాగ్రత్త. ఇంట్లో వరుస నంబరు రెండో విడతలో మారి ఉండొచ్చు. కలిపాక ఆడా మగా సరిపోయారా, వయసు ఏడేళ్ళు పెరిగిందా అని చూడండి. రెండు మూడేళ్ళ తేడా వస్తే పట్టించుకోవద్దు, మన పల్లెల్లో వయసు గుండ్రటి అంకెల్లోనే చెబుతారు. ఇరవై ఏళ్ళ తేడా వస్తే అది వేరే మనిషి.

జిల్లా కోడ్లు 2001 జనాభా లెక్కల ప్రకారం ఉంటాయి. అందులో ఆంధ్రప్రదేశ్ 28, శ్రీకాకుళం 11, విజయనగరం 12. 2011 లెక్కల్లో అవే జిల్లాలు 542, 543. రెండు రకాల కోడ్లు కలగలిపితే వేరే జిల్లా వచ్చి కూర్చుంటుంది. ఇక 2022 ఏప్రిల్‌లో జిల్లాల హద్దులే మారాయి. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి పోయాయి, రాజాం విజయనగరంలో కలిసింది. పాత డేటాలోని శ్రీకాకుళంలో ఇవన్నీ ఉన్నాయి. టేబుల్ కింద ‘2022కు ముందున్న హద్దుల ప్రకారం’ అని తప్పక రాయండి. సీతంపేట గిరిజన గ్రామాలు పోయాక మిగిలిన జిల్లా సగటు పాత జిల్లా సగటుతో ఎలా సరిపోతుంది? ఐహెచ్‌డీఎస్ కూడా జిల్లా స్థాయికి ప్రాతినిధ్యం వహించదు. జిల్లా కోడు ఉన్నది గుర్తింపు కోసమే.

మిగతావి

పీఎల్‌ఎఫ్‌ఎస్ డేటా కేంద్ర గణాంక శాఖ మైక్రోడేటా వెబ్‌సైటులో ఉచితం. మల్టిప్లయర్‌ను (ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్ళకు లెక్కో చెప్పే అంకెను), డేటాతో పాటు ఇచ్చే రీడ్‌మీ ఫైలులో చెప్పినట్టు 100తోనో 200తోనో భాగించాలి. అది చేయకపోతే జనాభా అంకె నూరింతలు పెరిగి కనిపిస్తుంది. పల్లె ఉపాధిలో నెల నెలకూ వచ్చే మార్పు చూడాలంటే 2025 తర్వాతి డేటా వాడండి. దాంట్లో శాంపిల్‌ను జిల్లావారీగా ఎంచుకోవడం కూడా మనకు కలిసొచ్చే మార్పు.

కన్స్యూమర్ పిరమిడ్స్ 2014 నుంచి ఏడాదికి మూడుసార్లు అవే ఇళ్ళకు వెళ్తోంది, ఆదాయం నెలవారీగా ఉంటుంది. అన్నేళ్ళ పాటు అంత తరచుగా అడిగిన దేశవ్యాప్త సర్వే మాకు తెలిసి మరొకటి లేదు. చందా ఖరీదు. నిరుపేద ఇళ్ళు అందులో తక్కువగా పడుతున్నాయని ఆర్థికవేత్త జీన్ డ్రెజ్, పరిశోధకుడు అన్మోల్ సోమంచి 2021లో గట్టిగా విమర్శించారు, సీఎంఐఈ దానికి జవాబిచ్చింది. మన్యం గ్రామాల పేదరికం మీద పనిచేసేవాళ్ళు రెండు వైపులా చదివాకే నిర్ణయించుకోవాలి. పేదల గురించిన ప్రశ్నకు దీన్ని మొదటి ఎంపికగా మేమైతే తీసుకోం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్యానెల్ కాదు. 2015-16లో అడిగినవాళ్ళు వేరు, 2019-21లో అడిగినవాళ్ళు వేరు. కానీ రెండు విడతలూ పాత పదమూడు జిల్లాల హద్దులతోనే ఉన్నాయి, జిల్లావారీ ఫ్యాక్ట్ షీట్లు ఎవరైనా చూడొచ్చు. ‘విజయనగరం జిల్లాలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత శాతం ఎలా మారింది’ అన్న ప్రశ్నకు ఇదే సరైన చోటు. ‘రక్తహీనత ఉన్న పిల్లలు తర్వాత చదువులో ఏమయ్యారు’ అంటే ఇది చెప్పదు. ఒకే థీసిస్‌లో రెండూ వాడుకోవచ్చు: మొదటి అధ్యాయంలో జిల్లా చిత్రానికి కుటుంబ ఆరోగ్య సర్వే, అసలు విశ్లేషణకు యంగ్ లైవ్స్.

జారిపోయినవాళ్ళ లెక్క

ఏది ఎంచుకున్నా ఒక టేబుల్ తప్పనిసరి. చివరి విడత దాకా ఉన్నవాళ్ళు, మధ్యలో పోయినవాళ్ళు అని రెండు నిలువు వరుసలు పెట్టండి. ఇద్దరికీ మొదటి విడతలో ఉన్న వివరాలు రాయండి: తల్లి చదువు, కులం, సంపద, పల్లెనా పట్నమా, ఆడా మగా. రెండు వరుసలూ దగ్గరగా ఉంటే ముందుకెళ్ళవచ్చు. పోయినవాళ్ళు ఎక్కువగా పేదలో, పట్నంవాళ్ళో అయితే మీ ఫలితం ఏ వైపు ఒరిగి ఉంటుందో అక్కడే రాయండి. వైవాలో మొదట అడిగే ప్రశ్న ఇదే, చాలా థీసిస్‌లలో లేని టేబులూ ఇదే.

ఎం.ఏ. ప్రాజెక్టుకు నాలుగు నెలలు ఉంటే మొదటి నెల ప్రశ్నావళి చదవడానికే ఇవ్వండి. గడి పేరు చూసి అర్థం ఊహించుకోవద్దు, ఆ ప్రశ్న ఎవరిని అడిగారు, పిల్లనా తల్లినా, ఏ కాలం గురించి అడిగారు అన్నది ప్రశ్నావళిలోనే ఉంటుంది. ఖాతా అర్జీ ఆ నెల మొదటి రోజే పెట్టేయండి. రెండో నెల డేటా కలపడం, సరిచూడడం. విశ్లేషణ మూడో నెలలో. అంతకుముందే ఫలితాలు చూపించమని గైడు అడిగితే జారిపోయినవాళ్ళ టేబుల్ చూపించండి.

ఫైలు పెన్‌డ్రైవ్‌లో తోటివాళ్ళకు ఇవ్వకండి, వాట్సాప్‌లో పంపకండి. లైసెన్సు ఒప్పుకున్న మనిషికే ఆ డేటా, ఎవరి ఖాతా వాళ్ళే తెరుచుకోవాలి. కోడ్ల వెనక ఏ ఊరుందో కనిపెట్టే ప్రయత్నం కూడా వద్దు. ఇరవై ఏళ్ళుగా ఇంటికొచ్చినవాళ్ళను నమ్మి తమ సంగతులన్నీ చెప్పుకున్న కుటుంబాలు అవి, వాటిలో కొన్ని మన జిల్లావే. థీసిస్ చివర డేటా పేరు, విడతలు, స్టడీ నంబరు, తీసుకున్న తేదీ రాయండి. స్క్రిప్టును అనుబంధంగా జోడిస్తే తర్వాత వచ్చే విద్యార్థి మీరు ఆపిన చోటు నుంచి మొదలుపెట్టగలడు.